సెట్లక్క పని వెతుక్కున్న రోజులు

ఆసుపత్రి రెండో అంతస్తులో, ఆపరేషన్ థియేటర్ల వెనక, కిటికీ లేని గది ఒకటుండేది. వాడిన కత్తెరలూ పట్టకార్లూ ఒక తలుపులోంచి లోపలికి వచ్చేవి. కడిగి, ఆరబెట్టి, జత చేసి, గుడ్డలో చుట్టి, ఆవిరి యంత్రంలో పెట్టి తీశాక ఇంకో తలుపులోంచి బయటికి వెళ్ళేవి. ఆ రెండు తలుపుల మధ్య ఆవిడ పదిహేడేళ్ళు పనిచేసింది. ఏ ఆపరేషన్‌కి ఏ సామాను కావాలో ఆ సెట్టు కట్టి పంపేది కాబట్టి, పెద్ద డాక్టర్ దగ్గర్నుంచి నేల తుడిచేవాళ్ళ దాకా అందరికీ సెట్లక్కే. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు.

నలభై ఆరేళ్ళ మనిషి. బక్కపలచన. మామూలుగా నడిచినా పరుగెత్తినట్టే ఉంటుంది. టీ తాగుతూ కూడా కూర్చునేది కాదు. అలాంటి మనిషిని ఒక మంగళవారం మధ్యాహ్నం మీటింగు హాల్లో మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, ఆసుపత్రి చేతులు మారిందనీ, ఇక మీదట సామాను శుభ్రం చేసే పని బయట ఏజెన్సీకి ఇస్తున్నారనీ, ఆ గదిలో ఉన్న తొమ్మిది మందికీ ఈ నెలాఖరే ఆఖరనీ చెప్పారు. చెప్పినాయన చాలా మర్యాదగా చెప్పాడు. మంచినీళ్ళ సీసా కూడా చేతికిచ్చాడు.

సెట్లక్క "పై నెల మొదటి వారంలో తుంటి ఆపరేషన్లు నాలుగున్నాయి. ఆ సెట్లు ఎవరు కడతారు?" అని మాత్రం అంది. అది ఏజెన్సీ చూసుకుంటుందని చెప్పి ఆయన ఫైలు మూశాడు.

ఒకటో తారీఖు ఇంట్లో గడిచింది. రెండో తారీఖు కూడా గడిచింది. మూడో రోజుకి ఇంట్లోవాళ్ళకి గడవడం కష్టమైంది. భర్త స్కూలు బస్సు నడుపుతాడు, పొద్దున్నే వెళ్ళిపోతాడు. కూతురు కాలేజీకి పోతుంది. మిగిలేది అత్తగారూ, తనూ, రెండు గదులూ, ఒక వంటిల్లూ. సెట్లక్క వంటింటి గూళ్ళన్నీ కిందికి దింపి గరిటెల్ని పొడవుల ప్రకారం పేర్చింది. డబ్బాల మూతలు తీసి తోమి మళ్ళీ పెట్టింది. బట్టలు మడత విప్పి, మళ్ళీ మడిచింది. ఆ గదిలోంచి ఈ గదిలోకి, ఈ గదిలోంచి ఆ గదిలోకి, కాలు కాలిన పిల్లిలా తిరిగింది. సాయంత్రానికి ఎవరికీ ఏ వస్తువూ దొరికేది కాదు.

"నా కళ్ళజోడు ఏ సెట్లో కట్టేశావే తల్లీ?" అంది అత్తగారు ఒక రోజు మంచం మీద నుంచే. ఆవిడ మోకాళ్ళు పనిచెయ్యవు గానీ నోటికి ఏ నొప్పీ లేదు.

పని వెతకలేదని కాదు. మొదటి వారంలోనే కూతురి చేత ఒక కాగితం రాయించింది. పేరు, వయసు, చదువు, "పదిహేడేళ్ళ అనుభవం" అని ఒక ముక్క. ఫోన్‌లో ఉద్యోగాల ప్రకటన కనిపించిన ప్రతి చోటికీ కూతురు ఆ కాగితాన్నే పంపింది. నర్సు ఉద్యోగానికి పంపింది, ల్యాబు ఉద్యోగానికి పంపింది, ఒకసారి చూసుకోకుండా అంబులెన్సు డ్రైవరు ఉద్యోగానికి కూడా పంపింది. నలభై దాకా పంపితే జవాబొచ్చింది రెండు. రెండూ "మీ దరఖాస్తు అందింది" అని మెషిన్ పంపినవే.

ఇలా కాదని సెట్లక్క చీర మార్చుకుని, ఫైలు చంకన పెట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ప్రతి చోటా గేటు దగ్గర వాచ్‌మన్ కాగితం తీసుకునేవాడు. "పైకి ఇస్తానమ్మా" అనేవాడు. ఒక చోట అతను సొరుగు లాగినప్పుడు లోపల చూసింది. అంచుల దాకా కాగితాలే. కొన్ని పసుపురంగుకి తిరిగాయి. తన కాగితాన్ని వాటి మీద పెట్టి, సొరుగు పట్టకపోతే మోచేత్తో నొక్కి మూశాడు.

నెలన్నర దాటాక ఒక పెద్దాసుపత్రి నుంచి పిలుపొచ్చింది. ఏసీ గది. బల్లకి అవతల పాతికేళ్ళ అమ్మాయి, ముందు ల్యాప్‌టాప్.

"మీ గురించి చెప్పండి మేడమ్."

సెట్లక్కని పదిహేడేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. "ఏముందండీ... సామాను కడిగి కట్టేదాన్ని."

"డిప్లొమా ఉందా?"

"లేదండీ."

"కంప్యూటర్ మీద ట్రాకింగ్ చేశారా?"

"మేం పుస్తకంలో రాసుకునేవాళ్ళమండీ."

ఆ అమ్మాయి చిరునవ్వు నవ్వింది. చెడ్డమ్మాయేం కాదు. "కబురు చేస్తాం" అంది. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. సెట్లక్క బయటికొచ్చి బస్సు ఎక్కడం మరిచిపోయింది. ఒక స్టాపు నడిచింది, రెండో స్టాపు నడిచింది. అలా ఆరు స్టాపులూ నడిచి, చెప్పు తెగి, దాన్ని చేత్తో పట్టుకుని ఇంటికొచ్చింది.

"కడిగి కట్టేదాన్ని అన్నావా?" అంది కూతురు, విన్నది నమ్మలేనట్టు. "అంతేనా అమ్మా?"

"మరి నేను చేసింది అదే కదే?"

"ఆగు." కూతురు నోటుబుక్కు తీసి ఎదురుగా కూర్చుంది. "పొద్దున గదిలోకి వెళ్ళగానే మొట్టమొదట ఏం చేస్తావు? ఒక్కొక్కటీ చెప్పు. నాకేం తెలీదనుకో."

సెట్లక్క మొదట విసుక్కుంది. కానీ చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. ఖాళీ యంత్రాన్ని ఒకసారి తిప్పి, లోపల గాలి మిగలకుండా ఆవిరి అంతటా చేరుతోందో లేదో చూసుకోవడం. కత్తెర మడతలో ఎండిన రక్తం ఉందేమోనని భూతద్దం కింద పెట్టడం. పట్టకారు పళ్ళు సరిగ్గా కలుస్తున్నాయా అని పల్చటి కాగితాన్ని పట్టించి చూడటం. చుట్టిన మూట బయటికొచ్చాక తడి తగిలిందంటే, ఎంత తొందరలో ఉన్నా, మొత్తం విప్పి మొదటినుంచీ చెయ్యడం. రోజుకి ముప్ఫై అయిదు సెట్లు. పని నేర్పిన కొత్తవాళ్ళు పదకొండు మంది. ఒకసారి కరెంటు పోయి యంత్రం మధ్యలో ఆగిపోతే, లోపలున్న ఆరు సెట్లూ పనికిరావని చెప్పి, రెండు గంటల్లో వేరే సెట్లు తయారుచేసి పంపిన సంగతి కూడా చెప్పింది.

కూతురు చెయ్యి నొప్పి పుట్టేదాకా రాసింది. "ఇదంతా ఆ కాగితంలో ఎందుకు లేదు?"

"నువ్వు అడగలేదుగా."

పాత కాగితాన్ని చించేశారు. కొత్తదాంట్లో ఈ సంగతులే రాశారు, కానీ అన్నీ ఒక్కచోట కుక్కలేదు. పళ్ళ ఆసుపత్రికి పంపేదాంట్లో చిన్న సామాను సంగతి పైన. పెద్దాసుపత్రికైతే ముప్ఫై అయిదు సెట్ల సంగతి పైన. ఎక్కడికి, ఏ తారీఖున, ఎవరి పేరుతో పంపిందీ నోటుబుక్కు వెనక పేజీల్లో రాసుకున్నారు. వారం తర్వాత ఎవరికి ఫోన్ చెయ్యాలో పక్కనే. ఎడాపెడా నలభై కాదు, రోజుకి రెండే. ఆ రెండూ పదిన్నరలోగా అయిపోవాలి. ఆ తర్వాత బయటికెళ్ళి మనుషుల్ని కలవాలి. ఇంట్లో గరిటెలు ముట్టుకోకూడదు. ఈ ఆఖరి షరతు అత్తగారిది.

ఇంటర్వ్యూ ఎలా ఇవ్వాలో కూడా అత్తగారే ముందుకొచ్చి నేర్పింది. దిండుకి ఆనుకుని, కళ్ళజోడు ముక్కు చివరకి జార్చుకుని, గొంతు మార్చింది.

"చెప్పమ్మాయ్. నీకేం వచ్చు?"

"అన్ని రకాల సామానూ శుభ్రం చేస్తానండీ."

"శుభ్రం చెయ్యడానికి మా ఇంట్లో కోడలుంది. నువ్వెందుకు మాకు?"

కూతురు పడీపడీ నవ్వింది. సెట్లక్కకి కూడా నవ్వొచ్చింది గానీ ప్రశ్న మాత్రం గుచ్చుకుంది. నిజమే, తనెందుకు వాళ్ళకి? ఆ రాత్రి అన్నం కలుపుతూ అదే ఆలోచించింది. మర్నాడు పొద్దున అత్తగారికి కాఫీ ఇస్తూ జవాబు చెప్పింది: "నేను కట్టిన సెట్టు విప్పాక డాక్టరు చెయ్యి చాపి ఆగాల్సిన పని రాలేదండీ, పదిహేడేళ్ళలో. అందుకు."

"ఆఁ, ఇదీ," అంది అత్తగారు. "ఇది నిలబడి చెప్పు. చీర కొంగు నలపకు."

ఇంకో సంగతి ఉంది. పని పోయిందని సెట్లక్క బయట ఎవరికీ చెప్పలేదు. కింది వాటాలోవాళ్ళు అడిగితే సెలవు పెట్టానంది. పాత స్నేహితులు ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. ఒక ఆదివారం భర్త చెప్పుల స్టాండు దగ్గర కూర్చుని, షూ లేసు కట్టుకుంటూ, తలెత్తకుండా అన్నాడు: "నా బస్సు ఆగిపోతే నేను రోడ్డు మీద చెయ్యి ఊపుతాను. లోపల కూర్చుని అద్దాలు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది?"

"మీకేం, మీరు చెప్తారు. అడుక్కున్నట్టుండదా?"

"ఉద్యోగం ఇమ్మని అడక్కు. ఎక్కడ ఖాళీ ఉందో తెలుసా అని అడుగు. అడ్రసు అడిగినట్టే."

మాట బాగానే ఉంది. ఫోన్ పట్టుకుంటే మాత్రం వేలు కదలలేదు. ఒక పేరు తీసింది, మూసేసింది. బాల్కనీలోకి వెళ్ళింది, వచ్చింది. చివరికి కళ్ళు మూసుకున్నంత పనిచేసి, ఆవిరి యంత్రాలు బాగుచేసే మెకానిక్‌కి కలిపింది. అతను నెలకోసారి వాళ్ళ గదికి వచ్చి రబ్బరు వాషర్లు మార్చి వెళ్ళేవాడు. ఊళ్ళో సగం ఆసుపత్రుల యంత్రాలు అతని చేతుల మీదే నడుస్తాయి. "నేను, సెట్లక్కని" అనగానే అందుకున్నాడు.

"అక్కా! ఎక్కడున్నావక్కా? నీ గదికి తాళం చూసి ఎంత బాధేసిందో. ఎవర్నడిగినా నీ నంబరు లేదన్నారు."

సెట్లక్క ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది. "ఖాళీగా ఉన్నాను తమ్ముడూ. ఎక్కడైనా మనిషి కావాలంటే నీకు ముందు తెలుస్తుందని..."

"ముందే చెయ్యొద్దూ ఈ ఫోన్! కాగితాలు గేటు దగ్గర ఇస్తున్నావా? అవి లోపలికి రావక్కా. నేరుగా థియేటర్ ఇన్‌చార్జి సిస్టర్‌తో మాట్లాడాలి, మనిషి లేక అవస్థ పడేది ఆవిడే కదా. ఇదిగో, కళ్ళ ఆసుపత్రిలో ఒకమ్మాయి కాన్పుకి వెళ్ళింది. ఆరు వారాలు మనిషి కావాలి. ప్రకటన కూడా ఇవ్వలేదు. నంబరు రాసుకో. నా పేరు చెప్పు."

ఆరు వారాలా అని సెట్లక్క మనసు కుంగింది. ఆ తర్వాత మళ్ళీ ఇదే బాల్కనీ. అయినా నంబరు కలిపింది. మర్నాడు పదింటికి రమ్మన్నారు.

కళ్ళ ఆసుపత్రి సామాను వేరే లోకం. పట్టకారు మొన వెంట్రుకంత. మొదటి రోజే, అలవాటైన చేత్తో బ్రష్షు పెట్టి రుద్దేసరికి ఒకదాని మొన వంగిపోయింది. గదిలో ఎవరూ చూడలేదు. సెట్లక్క దాన్ని దూదిలో పెట్టుకుని ఇన్‌చార్జి సిస్టర్ దగ్గరికి వెళ్ళింది.

"నా చేతిలో వంగింది సిస్టర్. ఇంత సన్నటి సామాను నేనెప్పుడూ ముట్టుకోలేదు. ఎలా కడగాలో చూపిస్తే నేర్చుకుంటాను."

సిస్టర్ ఆ మొనని వెలుతురుకి పెట్టి చూసింది. "నాకు చూపించకుండా డబ్బాలో పెట్టేసి ఉంటే రేపు కంట్లోకి వెళ్ళేది," అంది. తిట్టలేదు, మెచ్చుకోలేదు. గ్లవ్స్ తొడుక్కుని, సన్నటి నీటిధార కింద ఒక్కొక్కటీ విడిగా ఎలా కడగాలో చూపించింది.

ఆ ఆరు వారాల్లో సెట్లక్క రెండు పనులు నేర్చుకుంది. ఒకటి సన్న సామాను. రెండోది కంప్యూటర్. అక్కడ ప్రతి సెట్టుకీ గీతల స్టిక్కరు. దాన్ని మెషిన్‌కి చూపిస్తే ఎవరు కడిగారు, ఎప్పుడు ఆవిరి పట్టారు, ఏ ఆపరేషన్‌కి పోయిందీ తెరమీద పడుతుంది. మొదట్లో ఆ మెషిన్ కిచ్ మన్నప్పుడల్లా ఉలిక్కిపడేది. మూడో వారానికి, డ్యూటీ అయ్యాక అరగంట కూర్చుని ఆ వివరాలు తనే ఎక్కించడం మొదలుపెట్టింది. ఆఖరి రోజున సిస్టర్‌ని అడిగి ఒక ఉత్తరం రాయించుకుంది: ఏ పని చేసిందో, ఏం నేర్చుకుందో, కావాలంటే తనకి ఫోన్ చెయ్యమని సిస్టర్ నంబరుతో సహా. కాన్పుకి వెళ్ళినమ్మాయి తిరిగొచ్చింది. సెట్లక్క ఆ అమ్మాయికి సొరుగులన్నీ చూపించి, అప్పజెప్పి, ఇంటికి నడిచింది.

రెండోసారి ఖాళీ మొదటిసారి కంటే బరువుగా అనిపించింది. పని రుచి మళ్ళీ తెలిసింది కదా, చేతులు ఊరుకోవడం లేదు. నోటుబుక్కులో ఉన్నవాళ్ళందరికీ ఫోన్లు చేసింది. పళ్ళ డాక్టరు ఒకాయన సాయంత్రం రెండు గంటలకి మాత్రం మనిషి కావాలన్నాడు. ఇంకోచోట ముందు కొంత సొమ్ము కడితే ఉద్యోగం ఖాయమన్నారు. కూతురు మాట పూర్తికాకుండానే ఫోన్ లాక్కుని పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం అత్తగారు మోకాళ్ళకి నూనె రాసుకుంటూ ఉన్నట్టుండి అడిగింది: "అవునే, మీ ఆసుపత్రిలో సామాను ఇప్పుడెవరు కడుగుతున్నారు?"

"ఆ ఏజెన్సీవాళ్ళు."

"అక్కడ నువ్వడిగావా?"

సెట్లక్క ముఖం ఎర్రబడింది. "వాళ్ళ వల్లే కదండీ నా పని పోయింది! వాళ్ళ గుమ్మం తొక్కుతానా?"

"పని పోలేదుగా," అంది అత్తగారు, నూనె చెయ్యి ఆపకుండా. "ఇల్లు మారింది. ఎక్కడికి మారిందో తెలిసి కూడా ఊరంతా వెతుకుతున్నావు."

సెట్లక్క లేచి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెల్ని దడదడలాడించింది. తిరిగొచ్చింది. "మీకేం తెలుసు" అనబోయి ఆగింది. సాయంత్రం మెకానిక్‌కి ఫోన్ చేసి ఏజెన్సీ గురించి ఆరా తీసింది. ఎంతమంది ఉన్నారు, ఎవరు చూస్తారు, దేనికి ఇబ్బంది పడుతున్నారు. "సెట్లు తప్పుగా పోతున్నాయక్కా," అన్నాడతను. "ఆరు ఆసుపత్రుల సామాను ఒకేచోట. ఏది ఎవరిదో తెలిసినవాళ్ళు తక్కువ. థియేటర్లలో రోజూ గొడవే."

ఈసారి కాగితంలో మొదటి వాక్యం అదే రాయించింది. ఆరింటిలో ఒక ఆసుపత్రి సెట్లన్నీ పదిహేడేళ్ళు తన చేతిమీదే నడిచాయని.

ఏజెన్సీ ఊరి చివర పెద్ద రేకుల షెడ్డులో ఉంది. తెల్లటి దీపాలు, వరసగా స్టీలు బల్లలు, గుయ్యిమనే యంత్రాలు. మేనేజరు కుర్చీ చూపించలేదు; ఒక బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, గ్లవ్స్ ఇచ్చి, ట్రే ముందు పెట్టాడు. "ఇది కడుపు ఆపరేషన్ సెట్టు. సరిగ్గా ఉందా చెప్పండి."

సెట్లక్క ట్రే వంక చూసి కదల్లేదు. కత్తెర పిడుల మీద చిన్న ఆకుపచ్చ చుక్కలు. మూడో థియేటర్ సామానుకి గుర్తుగా, ఎన్నో ఏళ్ళ కిందట తనే రంగు ముంచి పెట్టిన చుక్కలు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుందామంటే చేతులకి గ్లవ్స్ ఉన్నాయి. తడి కళ్ళతోనే పని మొదలుపెట్టింది.

"వంకర పట్టకారు ఒకటి తక్కువండీ. ఇక్కడ తిన్నటిది పెట్టారు, చూడ్డానికి ఒకలాగే ఉంటాయి. ఈ సూది పట్టుకునేది పనికిరాదు, మడత దగ్గర బీట ఉంది, ఇలా వెలుతురుకి పెట్టండి. ఈ రెండు కత్తెరలూ అసలు ఈ ఆసుపత్రివి కావు."

మేనేజరు భూతద్దం తెప్పించి బీట చూశాడు. తర్వాత కుర్చీ వేయించాడు.

"డిప్లొమా లేదు కదా?"

"లేదండీ. మీరు చేర్చుకున్నాక చదవమంటే చదువుతాను. ఈలోగా కళ్ళ ఆసుపత్రిలో స్టిక్కర్ల కంప్యూటర్ నేర్చుకున్నాను. ఇదిగో సిస్టర్ ఉత్తరం. ఫోన్ చేసి కనుక్కోండి."

"ఇన్ని నెలలు ఖాళీగా ఎందుకున్నారు?"

పాత సెట్లక్క అయితే తలదించుకునేది. "పని మీ దగ్గరికొచ్చింది. నేను రావడానికి టైము పట్టిందండీ," అంది. అతను నవ్వాడు. తర్వాత ఆమె కూడా అడిగింది, అత్తగారు గట్టిగా చెప్పి పంపినట్టు: షిఫ్టు ఎప్పుడు, ఎంతమందికి ఒక సూపర్‌వైజరు, తడి మూట వస్తే ఆపే అధికారం బల్ల దగ్గరున్న మనిషికి ఉందా లేదా. ఆఖరి ప్రశ్నకి మేనేజరు కొంచెం ఆలోచించి, "ఉండాలి," అన్నాడు.

వారంలో చెప్తామన్నారు. ఆ వారం సెట్లక్క ఇంట్లో కుదురుగా ఒక్క గంట కూర్చోలేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపాటు, మోగకపోతే దిగులు. అయినా రోజుకి రెండు కాగితాలు పంపడం ఆపలేదు. ఎనిమిదో రోజు పదింటికి తనే ఫోన్ చేసింది. "కబురు కోసం చేశానండీ" అంది, బతిమాలకుండా. రెండు రోజులు ఆగమన్నారు. పదకొండో రోజు రమ్మన్నారు.

అనుకున్నంత గొప్పగా ఏం లేదు. మధ్యాహ్నం రెండింటి షిఫ్టు, మూడు నెలలు పరీక్ష మీద, బల్ల దగ్గర మామూలు మనిషిగా. జీతం పాతదానికంటే తక్కువ. సూపర్‌వైజరు తన కూతురికంటే నాలుగేళ్ళు పెద్ద; మొదట్లో "ఆంటీ, అది అలా కాదు" అనేది. సెట్లక్క పళ్ళ బిగువున ఊరుకుంది. రెండో వారంలో ఒక మూట ఆవిరి యంత్రం నుంచి చెమ్మగా వచ్చింది. కిందివైపు అరచేతంత తడి మచ్చ. బయట వ్యాను హారన్ కొడుతోంది.

"పంపేద్దాం ఆంటీ, ఆరిపోతుంది," అంది సూపర్‌వైజరు.

"ఆరితే మచ్చ పోతుందమ్మా, లోపలికి పోయిన మురికి పోదు. నేను విప్పుతున్నాను. నా పేరు రాసుకో."

వ్యాను నలభై నిమిషాలు ఆలస్యంగా వెళ్ళింది. అవతలివాళ్ళు ఫోన్‌లో అరిచారు. ఆ అమ్మాయి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, బల్ల మీద ఒక సెట్టు పెట్టి, "ఇది చూసి పెడతారా అక్కా," అంది. ఆంటీ నుంచి అక్క అయ్యింది, అంతే. సెట్లక్కకి అది చాలనిపించలేదు గానీ, ఫర్వాలేదనిపించింది.

మూడో నెల చివర్లో ఉద్యోగం ఖాయం చేస్తూ కాగితం వచ్చింది. టీ విరామంలో నిలబడే చదవడం మొదలుపెట్టింది. రెండో పేరా దగ్గరుండగా నాలుగో యంత్రం గంట కొట్టింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చేతులు కడుక్కుని, గబగబా లోపలికి వెళ్ళింది.